ఆయన చూపించిన నాలుగో స్థితి

పామర్రు దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో నేను భౌతికశాస్త్రం చెబుతాను. ఉద్యోగం వచ్చిన కొత్తలో తొమ్మిదో తరగతి పిల్లలకి పదార్థ స్థితుల పాఠం ఏటా ఒకే తీరుగా చెప్పేదాన్ని. ఉదయం ప్రార్థనకి వరసల్లో కదలకుండా నిలబడ్డ పిల్లలు ఘనపదార్థం. ఇంటర్వెల్లో కుళాయి చుట్టూ తోసుకుంటూ, ఒకళ్ల పక్కనుంచి ఒకళ్లు జారిపోతూ, అయినా గుంపు విడవని పిల్లలు ద్రవం. చివరి గంట కొట్టాక గేటు దాటి తలో దిక్కుకీ పరిగెత్తే పిల్లలు వాయువు. పిల్లలు నవ్వేవాళ్లు, పరీక్షలో అదే రాసేవాళ్లు. నాలుగో స్థితి దగ్గరకి వచ్చేసరికి మాత్రం నా వేగం పెరిగిపోయేది. ప్లాస్మా అని బోర్డు మీద రాసి, సూర్యుడిలో ఉంటుంది, నక్షత్రాల్లో ఉంటుంది, ట్యూబులైటులో ఉంటుంది అని చెప్పి, తర్వాతి పేజీకి వెళ్లిపోయేదాన్ని.

ఒక ఏడాది, ముందు బెంచీలో కూర్చునే అమ్మాయి లేచి నిలబడింది. నాన్న కౌలు రైతు, పిల్ల చదువులో చురుకు. "మేడమ్, మీరు ప్లాస్మాని చూశారా?" అని అడిగింది. ట్యూబులైటులో అందరం రోజూ చూస్తున్నదే కదా అన్నాను. "అది గాజుకి పూసిన తెల్ల పూత వెలుగు మేడమ్. మీరే చెప్పారు. లోపల ఉన్నది కనపడదుగా" అంది. క్లాసంతా నవ్వింది. ఆ పిల్ల నవ్వలేదు. రేపు చెబుతానన్నాను. నిజానికి రేపు చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. ఎమ్మెస్సీలో ప్లాస్మా మీద ఒక పేపరు రాసి మంచి మార్కులు తెచ్చుకున్నదాన్ని, అది ఎలా ఉంటుందో నాకు తెలియదు.

ఆ రోజుల్లో మేం పటమటలో రెండు గదుల ఇంట్లో ఉండేవాళ్లం. మా ఆయన, వాళ్ల అన్నయ్య కలిసి ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డు నడిపేవారు. ఆయన చదువు పదో తరగతి దగ్గర ఆగిపోయింది. వెల్డింగు వాళ్ల నాన్న దగ్గర నేర్చుకున్నారు. మా నాన్న పొలం పనులకి వెళ్లే మనిషి. మా ఇంట్లోనే కాదు, మా పేటలోనే ఎమ్మెస్సీ చదివింది నేనొక్కదాన్నే. పాస్టరు గారు ఈ సంబంధం తెచ్చినప్పుడు అబ్బాయి నెమ్మదస్తుడని, తాగడని, నన్ను ఉద్యోగం చెయ్యనిస్తాడని మా అమ్మ వెంటనే ఒప్పుకుంది. నేనూ కాదనలేదు. కానీ స్కూల్లో మీ వారేం చేస్తారని ఎవరైనా అడిగితే బిజినెస్ అనేదాన్ని. ఆ మాట ఎందుకంటున్నానో నాకు బాగా తెలుసు.

ఆ రాత్రి అన్నం పెడుతూ ఆ అమ్మాయి ప్రశ్న సంగతి చెప్పాను. ఏదో మాట కలపడానికి చెప్పానంతే. ఆయన ముద్ద ఆపి నా వైపు చూశారు.

"ప్లాస్మానా? మా షెడ్డులో ఉందిగా."

వేళాకోళం అనుకున్నాను. కాదట. స్టీలు రేకులు, అల్యూమినియం రేకులు గ్యాసు కట్టరుతో తెగవని, కిందటేడు కొత్త మెషిను కొన్నాం కదా, దాని పేరే ప్లాస్మా కటింగ్ మెషిను అన్నారు. మెషిను కొన్న రోజు పాస్టరు గారు వచ్చి ప్రార్థన చేశారు. నన్నూ రమ్మన్నారు. పేపర్లు దిద్దాలని చెప్పి నేను వెళ్లలేదు. పెళ్లయి ఐదేళ్లు దాటింది. అప్పటిదాకా ఆ షెడ్డులో పని జరుగుతుండగా నేను ఒక్కసారి కూడా అడుగు పెట్టలేదు.

ఆదివారం ఆరాధన అయ్యాక నన్ను బండి మీద తీసుకెళ్లారు. మిగతా రోజుల్లో సుత్తి దెబ్బలతో చెవులు పగిలిపోయే ఆటోనగర్ ఆదివారం మధ్యాహ్నం మరో ఊరిలా ఉంటుంది. షట్టర్లన్నీ దించి ఉన్నాయి. ఎక్కడో ఒక్క రేడియో మోగుతోంది. మా షెడ్డు లోపల సగం కట్టిన లారీ బాడీ, పక్కటెముకలు కనిపిస్తున్న జంతువులా నిలబడి ఉంది. కాలిన ఇనుము వాసన. ఆయన చొక్కాల్లో ఐదేళ్లుగా నేను ఉతుకుతున్న వాసన అదే.

ముందు గ్యాసు కట్టరు వెలిగించి చూపించారు. తర్వాత ప్లాస్మా మెషిను ఆన్ చేసి, ఒక స్టీలు రేకుకి ఎర్త్ క్లాంపు, అంటే ఎర్త్ తీగ చివర ఉండే పట్టుకారు, తగిలించి, నల్ల అద్దం ఉన్న హెల్మెట్ నా తలకి పెట్టారు. అది పెట్టుకున్నాక ఏమీ కనపడలేదు. ఆయన చెయ్యి, షెడ్డు, పగటి వెలుతురు అన్నీ మాయమయ్యాయి. ఒక్క క్షణం భయమేసి "ఉన్నారా?" అన్నాను. "ఇక్కడే ఉన్నా" అన్నారు. అప్పుడు చీకట్లో ఒక గీత పుట్టింది. సన్నగా, అంచుల్లో నీలంగా, మధ్యలో ఏ రంగో చెప్పలేనంత తెల్లగా. అది రేకులోంచి వెన్నలో కత్తి దిగినట్టు కిందికి దిగింది. దాని వెనక స్టీలు తెగి విడిపోతోంది. గాలి అది. కంప్రెసర్లోంచి వస్తున్న మామూలు గాలి, మనం పీల్చే గాలి. కరెంటు దాన్ని ఆ స్థితికి తెచ్చింది. నేను నోట్సుల్లో రాసుకున్నది, పిల్లల చేత రాయించినది, నా ముందు జానెడు దూరంలో ఉంది.

హెల్మెట్ తీశాక నా కళ్లల్లో నీళ్లు చూసి ఆయన కంగారు పడ్డారు. వెలుగు తగిలిందేమో అనుకున్నారు. తగల్లేదని చెప్పాను.

మామూలుగా నేను ఏం చెప్పినా వినే మనిషి ఆ రోజు ప్రశ్నలు అడగడం మొదలుపెట్టారు. ఇరవై ఏళ్లుగా అడగడానికి ఎవరూ దొరకని ప్రశ్నలవి. ఎర్త్ తగిలించకపోతే ఇది ఎందుకు కొయ్యదు అని అడిగారు. మామూలు గాలి గుండా కరెంటు పోదని, ప్లాస్మా గుండా పోతుందని, పోయిన కరెంటుకి తిరిగి రావడానికి దారి కావాలని చెప్పాను. ఆయన తల ఊపి, ఇంకొకటి అడిగారు. డీసీ మెషినుతో వెల్డింగ్ చేసేటప్పుడు, రేకు మూలకి వచ్చేసరికి మంట తనంతట తనే పక్కకి లాగేస్తుందట. ఎర్త్ క్లాంపు చోటు మార్చితే సర్దుకుంటుందట. వాళ్ల నాన్న కూడా అలాగే మార్చేవారట. ఎందుకో ఆయనకీ తెలియదట.

ఆ సంగతి ఏ పుస్తకంలోనూ చదివిన గుర్తు లేదు. కానీ వినగానే నాకు అర్థమైంది, ఆ మంటా ప్లాస్మాయేనని, రేకులో పారే కరెంటు అయస్కాంతంలా దాన్ని లాగుతోందని. పాత స్పీకరు ఏదైనా ఉందా అని అడిగాను. మూల పడి ఉన్న ఒక లారీ స్పీకరు ఊడదీసి, దాని అయస్కాంతం నా చేతిలో పెట్టారు. వెల్డింగు రాడ్డు రేకుకి తాకించి మంట పుట్టించమని చెప్పి, నేను నల్ల అద్దంలోంచి చూస్తూ అయస్కాంతాన్ని దగ్గరికి తెచ్చాను. మంట పక్కకి వంగింది. తిప్పి పట్టుకున్నాను. రెండో వైపు వంగింది. తర్వాత గ్యాసు కట్టరు వెలిగించి దాని మంట పక్కన అదే అయస్కాంతాన్ని పెట్టాను. ఆ మంట ఏమీ పట్టనట్టు నిటారుగానే ఉంది.

లారీ బాడీ చెక్కల మీద కూర్చుని ఆయనకి చెప్పాను. మంచు కరిగి నీరైనా, నీరు మరిగి ఆవిరైనా, లోపలి అణువు మారదు. దూరాలు మారతాయంతే. వాయువులో ఒక అణువుకి ఇంకో అణువు ఉందని, వచ్చి గుద్దుకునేదాకా దాదాపు తెలియదు. ఇంకా ఇంకా వేడిస్తే అణువులు విడిపోతాయి, ఆఖరికి పరమాణువులోంచి ఎలక్ట్రాన్లు బయటికి వచ్చేస్తాయి. ఒకవైపు ఎలక్ట్రాన్లు, ఒకవైపు వాటిని పోగొట్టుకున్నవి. మొత్తం మీద చూస్తే విద్యుదావేశం ఎక్కువా తక్కువా లేదు, కానీ దేనికదే విడిగా తిరుగుతూ ఉంటుంది. అప్పుడు దూరంగా ఉన్నా ఒకదాని లాగుడు ఇంకోదానికి అందుతూనే ఉంటుంది. అందుకే కరెంటు పారుతుంది, అందుకే అయస్కాంతం మాట వింటుంది. వాయువుకీ దీనికీ తేడా వేడి ఒక్కటే కాదు, ఇదీ.

ఆయన అయస్కాంతాన్ని చేతిలో అటూ ఇటూ తిప్పి చూశారు. తర్వాత, "అంటే తాకకుండానే ఒకదాని సంగతి ఒకదానికి తెలుస్తుందన్నమాట" అన్నారు.

అంత చక్కగా నేను ఏ క్లాసులోనూ చెప్పలేకపోయాను.

మర్నాడు ఆ అమ్మాయికి చూశానని చెప్పాను. మాకూ చూపించండి మేడమ్ అని క్లాసంతా పట్టుకున్నారు. హెడ్మాస్టరు గారు మొదట ఒప్పుకోలేదు. పిల్లల కళ్లకి ఏమన్నా అయితే ఎవరు జవాబు చెబుతారన్నారు. మా ఆయన ఫోనులో మాట్లాడి, జాగ్రత్తలన్నీ వివరంగా చెప్పి ఒప్పించారు. ఒక శనివారం చిన్న వెల్డింగ్ మెషినుని ట్రాలీ ఆటోలో వేసుకుని, ఆటోనగర్ అంతా తిరిగి అడిగి తెచ్చిన నల్ల అద్దాలు గోనెసంచిలో పెట్టుకుని స్కూలుకి వచ్చారు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. మెషిను ఆన్ చెయ్యగానే స్కూల్లో ఫ్యూజు కాలిపోయింది. పిల్లలు ఉసూరుమన్నారు. ఆయన సంచిలోంచి తీగ తీసి ఫ్యూజు కట్టారు. ముగ్గురు ముగ్గురు చొప్పున పిల్లల్ని గదిలోకి పిలిచి, ఒక్కొక్కరి మొహానికి అద్దం సరిగ్గా ఉందో లేదో తన చేత్తో చూసి, అప్పుడు మంట వెలిగించారు. ప్రశ్న అడిగిన అమ్మాయిని అందరికంటే ముందు పిలిచారు.

ఆ పిల్ల చూసింది. మంట ఆపాక, "ఇప్పుడు ప్లాస్మా ఎక్కడికి పోయింది?" అని అడిగింది. ఆయన నా వైపు చూశారు. ఎక్కడికీ పోలేదని, విడిపోయిన ఎలక్ట్రాన్లు మళ్లీ వచ్చి కలిసి మామూలు గాలి అయిపోయిందని చెప్పాను.

అంతా అయ్యాక స్టాఫ్‌రూములో టీ ఇచ్చారు. మా సోషల్ మాస్టారు మంచి మనిషి, మనసులో ఏదీ దాచుకోరు. మా ఆయన చేతుల మీది కాలిన మచ్చలు చూస్తూ, "మేడమ్ గారు మీది బిజినెస్ అని చెప్పారండీ" అన్నారు. నేను టీ గ్లాసు కింద పెట్టేశాను. మా ఆయన నవ్వి, "అవునండీ. ఇదే బిజినెస్" అన్నారు.

ఆటోలో సామాను పంపించేసి ఇద్దరం బండి మీద బయలుదేరాం. ఉయ్యూరు దగ్గర చెరుకు రసం బండి చూసి ఆపారు. రెండు గ్లాసులు చెప్పి, నాది నా చేతికి ఇచ్చి, కాలవ వైపు చూస్తూ అన్నారు.

"వెల్డింగ్ చేస్తాడని చెప్పొచ్చు కదా."

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే ఏదో ఒకటి అనేదాన్ని. నేను తల దించుకున్నాను. ఆయన రసం తాగి, ఖాళీ గ్లాసు ఇచ్చేసి, నేను పూర్తి చేసేదాకా ఎండలో నిలబడ్డారు. సోమవారం స్కూలుకి వెళ్లగానే సోషల్ మాస్టారితో, మిగతా అందరితో చెప్పాను, మా ఆయన వెల్డరండీ అని. వాళ్లకి అది పెద్ద విషయం కాదు. శనివారమే చూశారు. ఇంటికి వచ్చి చెప్పానని ఆయనతో అన్నాను. "ఇప్పుడెందుకు" అన్నారు కానీ ఆ రాత్రంతా హుషారుగా ఉన్నారు.

మా పెళ్లి అప్పుడు మొదలైందని నాకు అనిపిస్తుంది. అప్పటినుంచి ఆదివారాలు ఆరాధన అయ్యాక షెడ్డుకి వెళ్లేవాళ్లం. క్యారేజీ అక్కడే విప్పేవాళ్లం. ఆయన ఏదో ఒకటి చూపించేవారు, నేను ఎందుకో చెప్పేదాన్ని, తెలియకపోతే వారమంతా వెతికి పై ఆదివారం చెప్పేదాన్ని. పెళ్లయిన కొత్తలో ఆయన కొన్ని సాయంత్రాలు కళ్ల మీద తడిగుడ్డ వేసుకుని గోడ వైపు తిరిగి పడుకునేవారు. నాతో మాట్లాడటం ఇష్టం లేక అనుకునేదాన్ని. వెల్డింగు మంటలోని అతినీలలోహిత కిరణాలు కళ్లకి తగిలితే గంటల తర్వాత ఇసుక పోసినట్టు మండుతాయని, నాకు భౌతికశాస్త్రంగా తెలిసిన సంగతి, నా ఇంట్లో జరుగుతోందని ఎన్నో ఏళ్లకి గానీ తట్టలేదు. తట్టాక ఆ గుడ్డ నేనే తడిపి వేసేదాన్ని. అలా మూడేళ్లు కూడా గడవలేదు.

కరోనా రెండోసారి వచ్చిన వేసవిలో ఆయనకి జ్వరం మొదలైంది. నాలుగో రోజు ఆయాసం వచ్చింది. ఊళ్లో ఒక ఆసుపత్రిలో మంచం దొరికింది. నన్ను లోపలికి వెళ్లనివ్వలేదు. కింద మెట్ల దగ్గర కూర్చునేదాన్ని. ఆరో రోజు డాక్టరు గారు కిందికి వచ్చి, ప్లాస్మా దొరుకుతుందేమో ప్రయత్నించండమ్మా అన్నారు. కరోనా వచ్చి తగ్గినవాళ్ల రక్తంలోంచి తీసేది. నాకు ఆ మాట ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక కూడా చెవిలో వేరేగా వినిపించింది. నాలుగో స్థితికి పేరు పెట్టిన శాస్త్రవేత్తకి రక్తంలోని ప్లాస్మా గుర్తొచ్చి ఆ పేరు పెట్టాడని ఎక్కడో చదివాను. పేరు తప్ప ఈ రెండింటికీ సంబంధం లేదని పిల్లలకి చెబుతూ కూడా ఉండేదాన్ని.

ఫోనులో ఉన్న నంబర్లన్నీ వరసగా చేశాను. ప్లాస్మా కావాలండీ, మా ఆయనకి ప్లాస్మా కావాలండీ అని ఎంతమందిని అడిగానో లెక్క లేదు. మా సోషల్ మాస్టారికి రెండు నెలల కిందట వచ్చి తగ్గింది. రక్తం గ్రూపు కూడా కలిసింది. ఆ ఎండలో పామర్రు నుంచి స్కూటరు మీద వచ్చి, బ్లడ్ బ్యాంకులో గంటకి పైగా పడుకుని ఇచ్చి, నా దగ్గరకి వచ్చి దూరంగా నిలబడ్డారు. మాస్కు పైన కళ్లు మాత్రం కనిపించాయి. బ్లడ్ బ్యాంకు సంచిలో ఉన్న ప్లాస్మా నేను చేత్తో పట్టుకుని చూశాను. పల్చగా, పసుపుగా, చల్లగా ఉంది.

ఆ సాయంత్రం ఒక నర్సమ్మ దయతలచి వీడియో కాల్ కలిపింది. ఆయన మొహం మీద ఆక్సిజన్ మాస్కు. ఏమెక్కిస్తున్నారు అని సైగ చేశారు. ప్లాస్మా అని చెప్పాను. ఆయన కళ్లు చిన్నవయ్యాయి. నవ్వుతున్నారని తెలిసింది. మాస్కు కొంచెం పక్కకి జరిపి అన్నారు.

"ఎర్త్ సరిగ్గా పెట్టమను."

నర్సమ్మకి అర్థం కాలేదు. మాస్కు సరిచేసి, మాట్లాడొద్దని చెప్పి ఫోను తీసుకుంది. మూడో రోజు తెల్లవారుతుండగా ఆయన పోయారు. ఆ తర్వాత కొన్నాళ్లకి, ఆ ప్లాస్మా వల్ల పెద్దగా ఉపయోగం లేదని ఆ పద్ధతే ఆపేశారు. సోషల్ మాస్టారు ఆ వార్త చదివి నాకు ఫోను చేసి, ఏం చెప్పాలో తెలియక పెట్టేశారు. నేనే మళ్లీ చేసి, మీరు ఇచ్చారు కదండీ, అది చాలు అన్నాను. నిజంగానే అది చాలు.

షెడ్డు ఇప్పుడు మా బావగారు నడుపుతున్నారు. ఆదివారాలు తెరవరు. రెండేళ్లు నేను నాలుగో స్థితి పాఠం చెప్పలేదు. ఆ పీరియడ్ వస్తే పుస్తకం చదవమని చెప్పి కిటికీ దగ్గర నిలబడేదాన్ని. మూడో ఏడు చెప్పాను. నాకు తెలియకుండానే ఆయన మాటలతో చెప్పాను. తాకకుండానే ఒకదాని సంగతి ఒకదానికి తెలుస్తుంది అన్నాను. పిల్లలు అదే రాసుకున్నారు. ఇప్పటికీ ఆయన్ని అడగాల్సినవి పోగవుతూనే ఉన్నాయి. బస్సులో, వంటింట్లో, ఏదో ఒకటి కనపడుతుంది, దీని సంగతి ఏంటో ఆయనకి చెప్పాలి అనుకుంటాను. ఆ అనుకోవడం ఆగదు. ఆగాలని కూడా నాకు లేదు.

మొన్న ఆగస్టులో సాయంత్రం పామర్రు నుంచి బస్సులో వస్తున్నాను. కంకిపాడు దాటకముందే వాన పట్టుకుంది. ముందు దారి కనపడక డ్రైవరు బస్సు పక్కకి ఆపేశాడు. రెండు వైపులా వరి చేలు, అప్పుడే నాట్లు వేసినవి. ఆకాశం ఒక్కసారి చీలింది. మెరుపు పైనుంచి కిందికి, కొమ్మలు కొమ్మలుగా, దూరంగా చేల మీదికి దిగింది. చేలల్లో నిలిచిన నీళ్లన్నీ తెల్లబడ్డాయి. నేను పక్కకి తిరిగి "చూశారా" అన్నాను.

పక్క సీట్లో ఒక ముసలావిడ కూర్చుని ఉంది. ఒళ్లో కూరగాయల సంచి.

"చూశానమ్మా" అంది. "ఇది ఇప్పట్లో తగ్గదు. ఇంటికి ఫోను చేసి చెప్పు, ఆలస్యమవుతుందని. మీ ఆయన ఎదురుచూస్తుంటాడు."

అలాగేనండీ అన్నాను. హ్యాండ్‌బ్యాగులోంచి ఫోను తీసి, వాన తగ్గేదాకా చేతిలో పట్టుకుని కూర్చున్నాను.